ట్రైలర్‌కి తొమ్మిది వేల డాలర్ల సోలార్ పెట్టించాలా?

అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారం ఇదీ.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పిల్లలకి తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. కిందటి వేసవిలో ఆయన 16 వేల డాలర్లు పెట్టి 2019 మోడల్, 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. "నన్ను అడిగారు, అడ్వాన్స్ ఇచ్చేశాక" అని ఈవిడ మాట. అక్టోబర్‌లో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర అడవిలో, కరెంటు, నీళ్ల హుకప్పులేవీ (తగిలించుకునే కనెక్షన్లు) లేనిచోట రెండు రాత్రులు ఉందామని వెళ్లారు. మొదటి రాత్రి మూడింటికి, ట్రైలర్‌ని వెచ్చబెట్టే ఫర్నెస్‌లోంచి చల్లగాలి రావడం మొదలైంది. చిన్నవాడు లేచి ఏడ్చాడు. తెల్లారగానే సామాను సర్దేశారు. ఇంటిదాకా 150 మైళ్లు ఎవరూ నోరు విప్పలేదు.

ఆ తర్వాత ఆయన ఒక ఇన్‌స్టాలర్ దగ్గర కొటేషన్ తెచ్చారు. 100 ఆంప్-అవర్ల (బ్యాటరీ నిల్వకి కొలత) లిథియం బ్యాటరీలు నాలుగు, 800 వాట్ల సోలార్, 3000 వాట్ల ఇన్వర్టర్, అన్నీ బిగించి 9,200 డాలర్లు. ఇంట్లో ఫ్లోరింగ్ మార్పించడానికి దాచిన డబ్బు సరిగ్గా అంతే ఉంది. డిసెంబర్‌లో అత్తగారు, మామగారు అనంతపురం నుంచి వస్తున్నారు. మామగారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), రాత్రి గాలి అందించే సీపాప్ మెషిన్ పెట్టుకోకుండా పడుకోకూడదు. జనవరిలో అందరూ కలిసి క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో వారం రోజులు ఉండాలని ఆయన ప్లాన్.

"ఆయన సరదాని కాదనలేను. ఆ రాత్రి మళ్లీ వస్తే భరించలేను. ఆ గూట్లో ఆరుగురికి వండేది నేనే. వద్దంటే అత్తమామల ముందు చెడ్డదాన్నవుతాను. ఏం చేయమంటారు?" అని అడిగారు. చివర తోకలా ఇంకో ప్రశ్న: "ఆ చలిలో దోసెల పిండి పులవలేదు. దానికేమైనా ఉపాయం ఉందా?"

కొటేషన్ కాగితం, కారు తలుపు దగ్గరుండే స్టిక్కర్, ట్రైలర్ స్టిక్కర్, మూడింటి ఫొటోలూ జతచేశారు.

సమాధానం:

ముందు ఆ ఫొటోలు పంపినందుకు థాంక్స్. చాలామంది బాధ రాస్తారు గానీ స్టిక్కర్ పంపరు. మీరు అడగని ప్రశ్న ఒకటి ఆ స్టిక్కర్‌లో ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకో సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివి లెక్కపెట్టాను. బ్యాటరీల గురించి నాలుగు వాక్యాలున్నాయి. వంట, గిన్నెలు, సింకు నిండిపోవడం, రెండడుగుల గట్టు మీద చపాతీలు ఒత్తడం, వీటి గురించి పదకొండు. మీ ఇంట్లో గొడవ బ్యాటరీదే అయితే సగం బ్యాటరీలతో తీరుతుంది. మిగతాది సోలార్ ప్యానెల్‌తో తీరేది కాదు. రెండూ కలిపి మాట్లాడుకుంటే మీ వారికి మీరు ఖర్చు వద్దంటున్నట్టు వినిపిస్తుంది. మీకేమో ఆయన మీ కష్టాన్ని పట్టించుకోనట్టు అనిపిస్తుంది. కాబట్టి విడదీద్దాం.

మొదట ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. ఫర్నెస్ ప్రొపేన్ మీద నడుస్తుంది, కానీ వేడిగాలిని తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది. అది సుమారు ఏడు ఆంపులు లాగుతుంది. అక్టోబర్‌లో అక్కడ, దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున, రాత్రి చలి గడ్డకట్టే దాకా దిగుతుంది. అంటే ఫర్నెస్ గంటలో సగానికి పైగా ఆన్‌లోనే ఉంటుంది. మీ ట్రైలర్‌తో వచ్చింది ఒకే ఒక లెడ్-యాసిడ్ బ్యాటరీ, ఫొటోలో అంచు కనిపిస్తోంది. ఆ సైజువి కొత్తగా ఉన్నప్పుడే 75, 80 ఆంప్-అవర్లు. అందులో సగానికి మించి వాడకూడదు, వాడితే బ్యాటరీ పాడవుతుంది. అంటే చేతిలో ఉన్నది నలభై, అదీ వయసు మళ్లిన బ్యాటరీలో ఇంకా తక్కువ. సాయంత్రం నుంచి లైట్లు, నీళ్ల పంపు, గ్యాస్ డిటెక్టర్ తలా కాస్తా తిన్నాక, రాత్రి మూడింటికి ఖాళీ కావడంలో వింతేమీ లేదు. వోల్టేజీ పడిపోతే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. గాలి తగినంత వేగంగా రావడం లేదని లోపల ఒక చిన్న స్విచ్ పసిగట్టి మంటని వెలగనివ్వదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వేడి ఉండదు. మీకు తగిలిన చల్లగాలి అదే. ఫర్నెస్ చెడిపోలేదు, మీ వారు ఏదో తప్పు మీట నొక్కలేదు. నా మొదటి రాత్రి కూడా అలాగే అయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

ఇప్పుడు కొటేషన్. కింద చిన్న అక్షరాల్లో "ఏసీ కూడా నడుస్తుంది" అని రాసి ఉంది. తొమ్మిది వేల డాలర్లలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యానిదే. పైకప్పు మీద ఉండే 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ నడుస్తున్నప్పుడు 1400 వాట్ల దాకా లాగుతుంది. నాలుగు లిథియం బ్యాటరీల్లో మొత్తం నిల్వ 5,120 వాట్-అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది పోగా ఏసీ మూడు గంటల పైచిలుకు నడుస్తుంది. మంచి ఎండలో ప్యానెళ్లు నింపేది ఇంకో రెండు గంటలకి సరిపోతుంది. ఫీనిక్స్ చుట్టుపక్కల జూన్ ఎండలో అయిదు గంటల ఏసీతో ఎవరైనా బతుకుతారా? ఆ నెలల్లో మీరు పైకి, ఫ్లాగ్‌స్టాఫ్ వైపో షో లో అనే ఊరి వైపో వెళ్తారు, అక్కడ ఏసీ అక్కర్లేదు. చలికాలంలో కింద ఎడారికి వస్తారు, అక్కడా అక్కర్లేదు. మీ కుటుంబం ఏ నెలల్లో ఎక్కడికి వెళ్తుందో అడగకుండా తయారైన కొటేషన్ ఇది.

మరి మీకు నిజంగా కావలసింది ఎంత? క్వార్ట్‌జ్‌సైట్‌లో జనవరి రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్ అంత చలి ఉండదు, కానీ పెద్దవాళ్లున్నారు కాబట్టి పాత లెక్కే వేసుకుందాం. ఫర్నెస్‌కి ఒక రాత్రికి 45 ఆంప్-అవర్లు. సీపాప్‌కి, నీటి ఆవిరి పెట్టే భాగం ఆపేసి, 12 వోల్టుల కేబుల్‌తో నేరుగా నడిపితే సుమారు 25. ఆ ఆవిరి భాగం వేస్తే ఇది రెట్టింపు దాటుతుంది. ఆపవచ్చో లేదో మామగారి డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి, ఎడారి గాలి పొడి గాలి. లైట్లు, పంపు, ఫోన్లకి పది. డిటెక్టర్లు, ఫ్రిజ్ సర్క్యూట్ బోర్డు లాంటి కనపడని తిండికి పదిహేను. మీ ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడిచే రకం, అది అదృష్టం. అన్నీ కలిపి రోజుకి 95, పోనీ వంద. రెండు లిథియం బ్యాటరీలు రెండు రోజులు సునాయాసంగా లాగుతాయి. జనవరి ఎండ పొట్టిది. 400 వాట్ల ప్యానెళ్లు ఆ రోజుల్లో వెయ్యి, పదకొండు వందల వాట్-అవర్లు ఇస్తాయి. ఈ బ్యాటరీల్లో వంద ఆంప్-అవర్లంటే 1,280 వాట్-అవర్లు, కాబట్టి దాదాపు మీ ఖర్చుకి సరిపోయినంత.

మిక్సీ సంగతి మీరు భయపడుతూ రాశారు. 750 వాట్లంటే పెద్ద అంకెలా కనిపిస్తుంది, కానీ చట్నీ రెండు నిమిషాల పని. పాతిక వాట్-అవర్లు, అంతే. ఇన్వర్టర్ 1500, 2000 వాట్లది ఉంటే చాలు. బ్యాటరీని తినేసేవి ఇండక్షన్ స్టవ్, హీటర్, ఏసీ లాంటివి, గంటల తరబడి వేడినో చల్లదనాన్నో పుట్టించేవి. ఇడ్లీ, అన్నం, పప్పు కుక్కర్‌లో గ్యాస్ మీదే పెట్టండి. పోపు వేసేటప్పుడు మాత్రం పైనున్న వెంట్ ఫ్యాన్ వేయండి, లేకపోతే పొగ అలారం మోగి చుట్టుపక్కల క్యాంపు వాళ్లందరికీ మీ ఇంట్లో ఇవాళ ఏం వండారో తెలిసిపోతుంది.

ఇక దారులు. మీకు నాలుగు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఇప్పటికి ఏమీ కొనకుండా హుకప్పులున్న చోటికి వెళ్లడం. అపాచీ జంక్షన్ దగ్గర లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కులో కరెంటు, నీళ్లు ఉన్న సైట్లున్నాయి, సూపర్‌స్టిషన్ కొండల కిందే, మీ ఇంటికి గంట లోపు దూరం. మామగారు హాయిగా పడుకుంటారు, మీ వారికి ట్రైలర్ చేతికి అలవాటవుతుంది. చలికాలంలో ఈ సైట్లు ముందే బుక్ అయిపోతాయి, ఇవాళే చూడండి. దీని ఇబ్బంది ఒక్కటే. మీ వారు కలగన్నది మనుషులు లేని ఎడారి, అక్కడ పక్క ట్రైలర్ వాళ్ల టీవీ వినిపిస్తుంది. "ఇది క్యాంపింగా?" అంటారు. అనుకోనివ్వండి, మొదటి ట్రిప్పే కదా.

రెండోది నాకు మొగ్గు ఉన్న దారి. రెండు లిథియం బ్యాటరీలు, 400 వాట్ల సోలార్, ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అందించే చార్జ్ కంట్రోలర్, 2000 వాట్ల ఇన్వర్టర్, లిథియంకి సరిపడే కొత్త చార్జర్. ఆఖరిది మర్చిపోవద్దు. 2019 ట్రైలర్‌లో ఉన్న పాత కన్వర్టర్ (బ్యాటరీ చార్జర్) లెడ్-యాసిడ్ కోసం చేసింది అయ్యుంటుంది, దానితో లిథియం పూర్తిగా నిండకపోవచ్చు. మీ వారు సొంతంగా బిగించుకుంటే రెండు వేల డాలర్ల ప్రాంతంలో అయిపోతుంది, ఎవరిచేతనైనా చేయిస్తే కూలీ అదనం. ఆయన ఇంజనీరే, సరదా కూడా ఉంది. అయితే 2000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడ్‌లో 12 వోల్టుల వైపు దాదాపు 170 ఆంపులు లాగుతుంది. సన్న వైరు వేస్తే అది పొయ్యి అవుతుంది. బ్యాటరీకి ఆనుకుని ఫ్యూజు, వేలెడు లావు కేబుల్, ఈ రెండింటిలో పొదుపు చేయొద్దని నా మాటగా చెప్పండి. ఇంకొకటి, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఉన్నప్పుడు లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. ట్రైలర్ ముందు బయట పెట్టె కన్నా లోపల మంచం కింద ఉండటం నయం.

మూడు, మొత్తం తొమ్మిది వేల ప్యాకేజీ. తప్పని అనను. రేపు మీరిద్దరూ ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగాల్లో చేరి నెలలో పదిహేను రోజులు ఎడారిలోనే ఉంటామంటే అది పనికొస్తుంది. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులకైతే ఫ్లోరింగ్ డబ్బు ట్రైలర్ కప్పు మీద ఎండలో పడి ఉంటుంది. అమ్మేటప్పుడు పెట్టిన ధర తిరిగి వస్తుందని ఆశపడకండి.

నాలుగు, జెనరేటర్. 2200 వాట్ల ఇన్వర్టర్ రకం ఒకటి యాభై పౌండ్ల లోపు బరువుంటుంది, మబ్బు పట్టిన రోజు గండం గట్టెక్కిస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్ ఎత్తులో దాని శక్తిలో అయిదో వంతు తగ్గుతుంది. రాత్రి వేయలేరు, పక్కవాళ్లు ఊరుకోరు. కిటికీ కింద పెట్టి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, అది ప్రాణం మీదికి వచ్చే విషయం. అసలు పరిష్కారంగా కాదు గానీ, రెండో దారికి తోడుగా అద్దెకి తెచ్చుకోవచ్చు.

ఏ దారి పట్టినా ముందు కొనాల్సింది బ్యాటరీ కాదు, బ్యాటరీ మానిటర్. షంట్ (కరెంటు కొలిచే చిన్న భాగం) ఉన్న రకం, వంద డాలర్ల అటూ ఇటూ. ఎంత లోపలికి వచ్చింది, ఎంత బయటికి పోయింది, ఫోన్‌లో కనిపిస్తుంది. ట్రైలర్‌ని ఇంటి ముందుకు తెచ్చి, కరెంటు ప్లగ్ పీకేసి, అందులోనే ఒక రాత్రి పడుకోండి. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ట్రైలర్‌ని ఎన్ని గంటలు ఉండనిస్తుందో కనుక్కుని మరీ తెండి. నేను పైన వేసిన లెక్కలు అంచనా. మీ ఫర్నెస్, మీ మామగారి మెషిన్ అసలు అంకె చెబుతాయి. ఆ అంకె మీ వారి ఫోన్‌లోనే ఉంటే మీరు కాదనాల్సిన పని ఉండదు, ఆయనే కొటేషన్‌లో కొట్టివేతలు మొదలుపెడతారు.

సీపాప్‌కి మాత్రం ట్రైలర్ మీద ఆధారపడొద్దు. 500 వాట్-అవర్ల చిన్న పవర్ స్టేషన్ ఒకటి విడిగా కొని, మామగారి మంచం పక్కన పెట్టండి. ట్రైలర్ మొత్తం చీకటైపోయినా ఆయనకి ఆ రాత్రి గడుస్తుంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడూ పనికొస్తుంది. మీ భయంలో సగం దీంతోనే పోతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఆ స్టిక్కర్. కారు తలుపు దగ్గర, మనుషులు, సామాను కలిపి 1,510 పౌండ్లకి మించకూడదని ఉంది. మీ ట్రైలర్ గరిష్ఠ బరువు 6,800. నింపుకుని బయల్దేరితే 6,400 ఉంటుందనుకుందాం. అందులో పది నుంచి పదిహేను శాతం కారు వెనక హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద కూర్చుంటుంది. 13 శాతం వేస్తే 832. హిచ్ సామాను 80. మీ ఆరుగురి బరువు, పిల్లల్ని కలిపి, నా అంచనా 730. కూడితే 1,642. ఇంకా ఒక్క బ్యాగు ఎక్కించకుండానే 132 పౌండ్లు దాటిపోయారు. కారు 7,000 పౌండ్లు లాగుతుందని బ్రోచర్‌లో ఉందని మీ వారు చెప్పి ఉంటారు, అది నిజమే. లాగడం వేరు, మోయడం వేరు. నలుగురే వెళ్లిన అక్టోబర్‌లో ఇది బయటపడలేదు.

కాబట్టి జనవరిలో రెండు కార్లు. మీరు అత్తగారిని, మామగారిని ఎక్కించుకుని రెండో కారులో రండి. బరువు సంగతి తీరుతుంది. ఇంకా మామగారికి ఒంట్లో బాగోకపోతే ట్రైలర్ విప్పదీసే పని లేకుండా బయల్దేరవచ్చు. క్వార్ట్‌జ్‌సైట్ చిన్న ఊరు, ఆసుపత్రి కావాలంటే పార్కర్ వెళ్లాలి, 35 మైళ్లు. మూడోది, నాలుగో రోజుకి పెద్దవాళ్లు విసిగిపోతే మీరు వాళ్లని తీసుకుని ఇంటికి వచ్చేయొచ్చు, మీ వారు, పిల్లలు వారం పూర్తి చేసుకుంటారు. ఎవరి సరదా ఎవరికీ శిక్ష కాదు. ఇది మొదటే చెప్పి ఒప్పించండి, అక్కడికి వెళ్లాక చెబితే అలిగినట్టుంటుంది.

ఉచితంగా ఉండే చోట్లు అక్కడ చాలా ఉన్నాయి, కానీ మీరు బీఎల్‌ఎం (ప్రభుత్వ భూములు చూసే సంస్థ) వాళ్ల లా పోసా ప్రాంతంలో దిగండి. అక్కడ 14 రోజుల పర్మిట్ డబ్బు కట్టి తీసుకోవాలి. నీళ్లు పట్టుకోవడానికి, ట్యాంకులు ఖాళీ చేయడానికి లా పోసా సౌత్‌లో ఏర్పాటుంది. ఆరుగురున్న ఇంటికి ఆ డబ్బు దండగ కాదు. చాండ్లర్ నుంచే ట్యాంకు నింపుకుని వెళ్లకండి, 40 గ్యాలన్ల నీళ్లంటే 330 పౌండ్ల పైన.

నీళ్లే మీకు బ్యాటరీ కన్నా ముందు అయిపోతాయి. 40 గ్యాలన్లంటే 150 లీటర్లు. ఆరుగురికి రెండు రోజులకి మనిషికి రోజుకి పన్నెండు లీటర్లు. ఇక్కడ మీ అత్తగారిని తక్కువ అంచనా వేయకండి. అనంతపురంలో ట్యాంకర్ వచ్చే రోజు చూసుకుని కాపురం చేసిన మనిషికి ఒక బకెట్, ఒక చెంబు చేతికిస్తే మీ షవర్ కన్నా పొదుపుగా వారం లాగించేస్తారు. గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి తర్వాత కడిగితే సింకు నీళ్ల ట్యాంకు సగం నెమ్మదిగా నిండుతుంది. నీళ్ల పద్దు ఆవిడకి అప్పజెప్పండి. చుట్టంగా కూర్చోబెట్టడం కన్నా ఆవిడకి అదే ఇష్టంగా ఉంటుందేమో.

ఇక ఆ పదకొండు వాక్యాలు. మీ వారితో బ్యాటరీ మాట ఎత్తేముందు వంట మాట ఎత్తండి. బయట పెట్టుకునే రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ ఒకటి, మడత బల్ల ఒకటి, రెండూ కలిపి రెండొందల డాలర్లు కావు. వంట గూట్లోంచి బయటికి వస్తుంది, బయటికి వచ్చిన వంట అందరికీ కనిపిస్తుంది. పొద్దున టిఫిన్ మీ వారిది, గిన్నెలు పెద్దబ్బాయి తుడవాలి, మధ్యాహ్నం పులిహోరో పెరుగన్నమో, రాత్రికి మాత్రమే మీరు. ఆయన దీనికి ఒప్పుకుంటేనే రెండో దారికి మీరు ఒప్పుకోండి. ఇది బేరం కాదా అంటే బేరమే. 16 వేల డాలర్లు పెట్టేముందు జరగాల్సిన బేరం, ఇప్పుడు జరుగుతుంది. ఆయన నవ్వేసి తప్పించుకుంటే మాత్రం ఒకటో దారిలోనే ఉండండి. అత్తమామల ముందు కాదు, వాళ్లు విమానం ఎక్కకముందే తేల్చుకోండి. అప్పుడు చెడ్డదాన్నవుతానన్న బెంగ ఉండదు.

పిండి సంగతి. ఆ చలిలో పిండి పులవాలంటే రాత్రంతా ఫర్నెస్ వేయాలి, అది మనకి గిట్టుబాటు కాదు. ఇంట్లోనే ముందురోజు పులియబెట్టి, ఉప్పు కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి తీసుకెళ్లండి. క్వార్ట్‌జ్‌సైట్‌కి అయితే ఇబ్బంది లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లేటప్పుడు మాత్రం డబ్బా సగమే నింపి మూత వదులుగా పెట్టండి. కొండ ఎక్కేకొద్దీ బయట గాలి పలచబడి డబ్బాలో గాలి ఉబ్బుతుంది. మేం ఒకసారి అంచుదాకా నింపి బిగించి తీసుకెళ్లాం. ఊళ్లోకి వచ్చాక ఫ్రిజ్ తలుపు తెరిస్తే, మూత ఒక అరలో, పిండి మూడు అరల్లో ఉంది.